విడదీసినా తెగని కట్టు

భావనపాడు సంతబొమ్మాళి మండలంలోని తీరపు ఊరు. రెవెన్యూ లెక్కల్లో ఆ ఊరి పైన మండలం, టెక్కలి డివిజను, శ్రీకాకుళం జిల్లా, రాష్ట్రం వరసగా ఉంటాయి. ఇదే నేల మీద కతోలిక సంఘం గీసుకున్న మరో పటం కూడా ఉంది. అందులో ఊరి పైన విచారణ (పారిష్), విచారణ పైన డీనరీ, ఆ పైన శ్రీకాకుళం మేత్రాసనం (డయోసిస్), దానికి పెద్దదిక్కుగా విశాఖపట్నం అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్), అన్నిటికీ పైన రోము. ప్రభుత్వ పటం 1950లో మారింది, విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లా విడిపోయింది. 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం వచ్చాయి. సంఘం పటమూ మారుతూనే వచ్చింది. అయితే దానికి తొందర లేదు. ఒక్కో గీతకూ తరాల తరబడి ఏర్పాటు జరిగింది. ఆ ఏర్పాటులోని పనితనాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. గుడి గోపురాన్ని, చర్చి శిఖరాన్ని చూసి శిల్పిని మెచ్చుకుంటాం. కంటికి కనిపించని కట్టడాలకూ శిల్పులుంటారు. వాళ్ళనూ మెచ్చుకోవాలి.

కథ 1846లో మొదలవుతుంది. ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ సభకు చెందిన మతగురువులు ఆ ఏడాది విశాఖపట్నంలో దిగారు. 1838లో పియేర్ మరీ మెర్మియే అన్నెసీ పట్టణంలో స్థాపించిన సభ అది. అన్నెసీ ఉన్న సవోయ్ ప్రాంతం అప్పటికింకా ఫ్రాన్సులో కలవలేదు. వచ్చిన మరుసటి ఏడే, 1847లో, వాళ్ళు విశాఖ పాతపట్నంలో సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. 1850లో రోము ఈ ప్రాంతాన్ని అపోస్తలిక వికారియతుగా, అంటే మేత్రాసనానికి ముందు మెట్టుగా, ప్రకటించింది. తియోఫిల్ సెబాస్టియన్ నెయ్రే దాని మొదటి అధిపతి. ఆయన బాధ్యత తూర్పు తీరం దగ్గర మొదలై అడవులు, కొండలు దాటి నాగపూర్ దాకా సాగేది. ఎద్దుబండి మీదా గుర్రం మీదా తిరిగే కాలంలో అంత భూమిని ఒక్క మనిషికి అప్పగించడం పరిపాలన అనిపించుకోదు. ఒకనాటి పంట కోసం విత్తనం చల్లడం అది.

ఈ కట్టడంలో మొదటి పనితనం మెట్ల అమరికలో కనిపిస్తుంది. కొత్త ప్రాంతాన్ని మొదట మిషనుగానో ప్రిఫెక్చరుగానో ఉంచుతారు. సంఘం కాస్త నిలదొక్కుకున్నాక వికారియతు చేస్తారు, వేళ్ళూనాక మేత్రాసనం చేస్తారు. వికారియతును నడిపే బిషప్పు పోపుగారి తరఫున, పోపుగారి పేరు మీద పాలిస్తారు. మేత్రాసనం వచ్చిన రోజున ఆ సంబంధం మారిపోతుంది. అక్కడి నుంచి పీఠాధిపతి, అంటే మేత్రాసనపు బిషప్పు, తన సొంత హోదాతో పాలిస్తారు, రోముకు ఆయన ప్రతినిధి కారు, అపోస్తలుల వారసుడు. అంటే సంఘం ఎదుగుతున్న కొద్దీ రోము తన చేతిని వెనక్కి తీసుకోవాలని నియమంలోనే రాసుకున్నారు. విశాఖకు ఆ రోజు 1886 సెప్టెంబరు 1న వచ్చింది. 13వ లియో పోపుగారు భారతదేశమంతటికీ సక్రమమైన పీఠ వ్యవస్థను ఏర్పాటు చేస్తూ విశాఖను మేత్రాసనంగా ప్రకటించారు.

రెండో పనితనం విభజనలో ఉంది. 1887లో నాగపూర్ విడిపోయింది. 1928లో కటక్ మిషను ఏర్పాటు చేస్తూ విశాఖ నుంచి కొంత, కలకత్తా నుంచి కొంత భూమి తీసుకున్నారు. ఆ ఒడిశా కొమ్మ నుంచే 1974లో బరంపురం, దాని నుంచి 2016లో రాయగడ మేత్రాసనాలు వచ్చాయి. ఇచ్ఛాపురం దాటితే ఒకటి, పార్వతీపురం దాటితే మరొకటి. 1993 జూలై 1న రెండో జాన్ పాల్ పోపుగారు విశాఖ నుంచి శ్రీకాకుళాన్ని విడదీసి కొత్త మేత్రాసనం చేశారు. అప్పటిదాకా నల్గొండ పీఠాధిపతిగా ఉన్న అడ్డగట్ల చిన్న ఇన్నయ్యగారు దానికి మొదటి పీఠాధిపతి అయ్యారు. జిల్లా పుట్టిన 43 ఏళ్ళకు మేత్రాసనం పుట్టిందన్నమాట. గురువులు, విచారణలు, బడులు, ఆదరువు సిద్ధమయ్యేదాకా ఆగారు. 2001లో విశాఖ అగ్రపీఠమైంది. ఏలూరు, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, శ్రీకాకుళం దాని పరిధిలోకి వచ్చాయి.

భావనపాడు తీరంలో ఇప్పుడు ఫైబర్ పడవలే ఎక్కువ గాని, తెప్పలు ఎరిగిన పాతతరం వాళ్ళకు ఈ నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. తెప్పలో ప్రతి దుంగా విడిగా దుంగే. తాడుతో కడితే సముద్రం మీదికి వెళ్ళే వాహనం, ఒడ్డుకొచ్చి విప్పితే మళ్ళీ దేనికది ఆరే కొయ్య. మేత్రాసనాలూ అంతే. శ్రీకాకుళం విశాఖకు శాఖ కాదు, చిన్నదైనా పూర్తి సంఘం. దాని పీఠాధిపతికీ విశాఖ అగ్రపీఠాధిపతికీ మధ్య కలెక్టరుకూ తహశీల్దారుకూ ఉండే సంబంధం లేదు. అగ్రపీఠాధిపతి కింది మేత్రాసనాల్లో విశ్వాసం, క్రమశిక్షణ సరిగా ఉన్నాయో లేదో కనిపెట్టి ఉంటారు, తేడా కనిపిస్తే పోపుగారికి తెలియజేస్తారు. అంతకు మించి రోజువారీ పాలనలో వేలు పెట్టే అధికారం ఆయనకు చట్టం ఇవ్వలేదు.

ఇదే పద్ధతి సముద్రాల అవతల కూడా ఎలా పనిచేసిందో చూస్తే దాని సత్తా తెలుస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా అప్పట్లో గోల్డ్ కోస్ట్. అక్కడ 1879లో ప్రిఫెక్చరు పెట్టారు, 1880లో ఎల్మినా రేవులో ఇద్దరు గురువులు దిగారు. 1901లో అది వికారియతైంది. 1950లో, దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడేళ్ళ ముందే, కేప్ కోస్ట్ అగ్రపీఠమైంది. తర్వాత 1977లో తమాలే, 1992లో అక్రా, 2002లో కుమాసీ అగ్రపీఠాలయ్యాయి. ఆఫ్రం మైదానాల్లోని డొంకోర్‌క్రోం మాత్రం ఇంకా వికారియతుగానే ఉంది. ఒకే దేశంలో ఒక చోట మెట్లు ఎక్కడం పూర్తయింది, ఇంకో చోట సాగుతోంది. ఎవరి అడుగు వాళ్ళది.

ఆ ఎల్మినా గురువుల సభను 1856లో లియోన్‌లో స్థాపించిన మెల్కియోర్ ద మారియోన్ బ్రెసియాక్ అంతకు ముందు మన కోయంబత్తూరులో బిషప్పు. స్థానికుల్లోంచి గురువులను తయారు చేయాలని, వాళ్ళకే సంఘాన్ని అప్పగించాలని పట్టుబట్టిన మనిషి. భారతదేశంలో ఆ పట్టుదల ఫలించలేదని రాజీనామా చేసి, ఆఫ్రికా కోసం కొత్త సభ పెట్టారు. 1859లో సియెర్రా లియోన్ వెళ్ళిన కొద్ది వారాలకే ఫ్రీటౌన్‌లో జ్వరంతో కన్నుమూశారు. ఆయన కోరుకున్నది రెండు చోట్లా ఆయన తర్వాతే జరిగింది. 1960 నాటికి కేప్ కోస్ట్‌లో ఘనావాసి జాన్ కోజో అమిస్సా అగ్రపీఠాధిపతి. మన వైపు 1943లో ఇగ్నేషియస్ ముమ్మడిగారు గుంటూరు పీఠాధిపతి అయ్యారు. 1966లో ఇగ్నేషియస్ గోపుగారు విశాఖ పీఠమెక్కారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన మొదటి తెలుగువారు, మొదటి దళితులు ఆయనే. తనను అనవసరం చేసుకునేలా పనిచేయడమే మిషనరీ పనికి గీటురాయి అయితే, ఈ పేర్లే దానికి సాక్ష్యం.

ఇక పీఠాధిపతి అధికారం సంగతి. శాసనం చేయడం, అమలు చేయడం, తీర్పు చెప్పడం మూడూ ఆయన చేతిలోనే ఉంటాయి. వినగానే భయమేస్తుంది. కాని 1983 నాటి సంఘ చట్టం చదివితే ఆ చేతి చుట్టూ ఎన్ని కట్లు వేశారో కనిపిస్తుంది. ఆర్థిక మండలి లేకుండా ఆస్తి వ్యవహారం నడపకూడదు. గురువుల మండలి ఉండి తీరాలి. అందులోంచి 6 నుంచి 12 మందిని సలహాదారులుగా నియమించాలి. అయిదేళ్ళకోసారి మేత్రాసనమంతా తిరిగి చూడాలి, అయిదేళ్ళకోసారి పోపుగారికి నివేదిక ఇవ్వాలి. 75 ఏళ్ళు నిండితే రాజీనామా సమర్పించాలి. ఆదివారాల్లో, పెద్ద పండుగల్లో తనకు అప్పగించిన ప్రజల కోసం పూజ చేయడం కూడా చట్టం పెట్టిన విధే.

పీఠం ఖాళీ అయినప్పుడు ఏం చేయాలో చెప్పిన తీరు మరీ ముచ్చటైనది. ఎనిమిది రోజుల్లోగా ఆ సలహాదారులు ఒక పాలనాధికారిని ఎన్నుకోవాలి. కొత్త పీఠాధిపతి వచ్చేదాకా ఆయన ఏ మార్పూ చేయకూడదు. ఉన్నది ఉన్నట్టు కాపాడి అప్పగించడమే ఆయన పని. శ్రీకాకుళంలో ఇన్నయ్యగారు 2018 డిసెంబరులో విరమించారు. పైమ్ సభకు చెందిన రాయరాల విజయకుమార్‌గారి నియామకం 2019 జూలైలో జరిగింది. ఇటలీ నుంచి వచ్చి తెలుగునాట సంఘాలు నాటిన సభల్లో పైమ్ ఒకటి. ఆ సభలోంచే ఒక తెలుగు గురువు శ్రీకాకుళానికి పీఠాధిపతిగా వచ్చారు.

ఈ బంధం కాగితం మీదే ఉండిపోకుండా ప్రతి పూజలోనూ వినిపించేలా చేశారు. ఏ పల్లెలో పూజ జరిగినా గురువు రెండు పేర్లు చెప్పి ప్రార్థిస్తారు. ఒకటి పోపుగారిది, రెండోది స్థానిక పీఠాధిపతిది. పీఠం ఖాళీగా ఉంటే రెండో పేరు పలకరు, ఆ లోటు అందరికీ వినపడుతుంది. అలాగే పవిత్ర వారంలో గురువులందరూ పీఠాధిపతి చుట్టూ చేరతారు. ఆయన ఆశీర్వదించిన తైలాలను తమ తమ విచారణలకు తీసుకెళ్తారు. ఆ ఏడాది జ్ఞానస్నానం పొందే పసివాడికీ, మంచం పట్టిన ముసలమ్మకూ పూసే తైలం ఒకే చేతి మీదుగా వచ్చినదే. సంస్థలో ఐక్యత గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. దాన్ని చేతికి తగిలే పదార్థంగా మార్చి ఊరూరా పంపడం గొప్ప నేర్పు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం విచారణ రిజిస్టర్లలో ఉంది. ప్రతి విచారణలో జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం ఉండాలి. వివాహం ఎక్కడ జరిగినా ఆ సమాచారం వధూవరులు జ్ఞానస్నానం పొందిన విచారణకు చేరాలి. అక్కడి పాత పద్దు పక్కన దాన్ని రాయాలి. ఉత్తరాంధ్ర తీరం సంగతి తెలిసినవాళ్ళకు ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఈ తీరపు మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు, చెన్నైకు, పరదీప్‌కు వలస పోతారు. అలా పోయిన కుర్రవాడు అక్కడే ఎక్కడో పెళ్ళి చేసుకున్నా, అతని జీవితంలోని పెద్ద ఘట్టాలన్నీ తిరిగి పుట్టిన చోటి పుస్తకంలో ఒకే వరసలోకి వచ్చి చేరాలన్నది ఏర్పాటు. మనిషి ఎంత దూరం తిరిగినా అతని పేజీ ఒకే చోట ఉంటుంది. కంప్యూటర్లు పుట్టకముందే ఆలోచించిన అమరిక ఇది.

కట్టడానికి అడుగున ఉన్నవాడు ఉపదేశి. ఒక విచారణ కింద ఎన్నో ఊళ్ళుంటాయి, గురువు అన్ని చోట్లకూ ప్రతి ఆదివారం వెళ్ళలేరు. గురువు రాని ఆదివారం ఊరివాళ్ళను కూడగట్టి ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, జబ్బు చేసినవారి కబురు విచారణకు చేరవేసేది ఉపదేశే. ఘనా పల్లెల్లోనూ ఈ పని చేసేది ఉపదేశులే. బిషప్పుల పేర్లతో చరిత్ర రాస్తాం గాని, రెండు ఖండాల్లోనూ బరువు మోసింది వీళ్ళే.

పటాన్ని ఇంకొంచెం పరీక్షగా చూస్తే మరో నేర్పు కనిపిస్తుంది. 2001లో కడప, కర్నూలు మేత్రాసనాలు హైదరాబాద్ అగ్రపీఠం కిందే ఉండిపోయాయి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఆ విభజనను అనుసరించి పీఠాలను చీల్చలేదు. తెలుగు పీఠాధిపతులందరూ కూర్చునే మండలి ఒకటే ఉంది. ఇక కతోలిక సంఘంలోనే మరో సంప్రదాయమైన సీరో మలబారు వారి కోసం 2017లో శంషాబాద్ మేత్రాసనం పెట్టారు. ఇప్పటిదాకా చెప్పుకున్న లాటిన్ సంప్రదాయపు మేత్రాసనాలున్న నేల మీదే దాని పరిధీ పరుచుకుంది. ఒకే నేలను రెండు సంప్రదాయాలు పంచుకోవడానికి చట్టంలో ముందే చోటుంచారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. విచారణ మండలి సలహా ఇవ్వగలదే గాని నిర్ణయించలేదు. ఆర్థిక వ్యవహారాల్లో విశ్వాసుల గొంతు ఇంకా బలంగా వినపడాలి. కులం గడప దాటి చర్చి లోపలికి వచ్చిందన్న బాధ తెలుగు కతోలికులు బాహాటంగానే చెబుతున్నారు. ఎంత చక్కటి చట్టమైనా మనసులను తనంత తాను మార్చలేదు. మంచి కట్టడం చేయగలిగింది ఒకటే, మారాలనుకున్నవాళ్ళకు చోటివ్వడం. ఆ చోటు ఇందులో ఉంది.

ఒక్కో భాగాన్నీ పూర్తిగా నిలబెట్టి, పూర్తయ్యాకే విడదీసి, విడదీశాక కూడా కలిపి ఉంచడం ఈ నిర్మాణంలోని అసలు నేర్పు. ఇంత పనితనానికీ నిదర్శనంగా మన చేతిలో మిగిలేవి విచారణ రిజిస్టర్లు. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు, తుపాన్లు కాగితాన్ని బతకనివ్వవు. ఉత్తరాంధ్ర తీరపు పేదల పేర్లు తరం తర్వాత తరం వరసగా దొరికే పుస్తకాలు ఎక్కువ లేవు. అందుకని మేత్రాసనాల పెద్దలకు, మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు ఒక విన్నపం. ప్రతి పాత రిజిస్టరుకూ, కుటుంబాల గోప్యతకు భంగం రాకుండా, డిజిటల్ ప్రతి తీయించండి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.