వచ్చిండు

ప్రూఫులు దిద్దే పనిలో చేరిన కొత్తలో ఓ ఆదివారం కథ నా బల్ల మీదికి వచ్చింది. కరీంనగర్ వైపు అమ్మాయి రాసింది. మాటల్లో వచ్చిన ‘వచ్చిండు’, ‘చెప్పిండు’లన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేసి ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అని దిద్దాను. మాది కృష్ణా జిల్లా. నా చెవికి అదే ఒప్పు. కథ అచ్చయ్యాక ఆమె ఫోన్ చేసింది. కోప్పడలేదు. “సార్, నా కథల మా నాయిన మాట్లాడుతుంటే మీ నాయిన గొంతు ఇనబడుతున్నది” అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక క్రియారూపాలన్నీ కాగితం మీద రాసుకుని చూశాను. నిండు రూపం ‘వచ్చినాడు’. రాయలసీమలో ఇప్పటికీ అలాగే అంటారు. తెలంగాణ దీర్ఘాన్ని వదిలేసి నకారాన్ని నిలుపుకుంది. మా కోస్తా ఆ నకారాన్నే మింగేసింది. వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు... వరస ఎక్కడా తప్పలేదు. ఆ నాయిన తు.చ. తప్పకుండా పాటిస్తున్న నియమాన్ని, వ్యాకరణం పేరు చెప్పి నేను చెరిపేశాను.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాస్తూ అత్వసంధి ‘బహుళం’ అన్నారు. ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట మన ఇష్టం, మరోచోట ఇంకో తీరు. ఈ నాలుగూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. సూత్రాలు కట్టిన మనిషే భాష మసలడానికి చోటు వదిలారు. బెత్తం పట్టుకున్నది ఆ తర్వాతివాళ్లం. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోంచే గిడుగు రామమూర్తి తప్పులు ఏరి చూపించాల్సి వచ్చింది.

అలాగని ఏం రాసినా చెల్లుతుందనను. ‘విధ్యార్థి’ అని కనిపిస్తే దిద్దాల్సిందే. అంతకన్నా నన్ను బాధపెట్టేది ‘మంత్రిచే వంతెన ప్రారంభించబడింది’ లాంటి వాక్యం. ఏ సూత్రమూ దాన్ని తప్పు పట్టదు. కానీ ‘అన్నం వండబడింది, రా’ అని బిడ్డను పిలిచే అమ్మ మన ఊళ్లలో ఎక్కడైనా ఉందా? వంతెనను మంత్రి ప్రారంభించారు, అంతే. నియమం చెడకుండానే తెలుగు చెడిపోవడం ఇదే. ఎర్ర సిరా నేను ఎక్కువగా ఖర్చు పెట్టేది ఇక్కడే.

నిన్న శ్రీకాకుళం కథ ఒకటి వచ్చింది. రెండో పేరాలో ‘ఎల్తన్నాడు’. పెన్నుకి మూత పెట్టి రచయితకు ఫోన్ చేశాను. ఆ పేరా ఆయన నోటే చదివించుకుని విన్నాను.