ఆ తాళంచెవి ఎందరి దగ్గర ఉంది?

మా అన్నయ్య కొడుకు సివిల్స్ కోచింగ్‌కని ఢిల్లీ వచ్చి, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో మరో నలుగురు తెలుగు కుర్రాళ్లతో కలిసి అద్దెకుంటున్నాడు. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ ఇద్దామని మొన్న ఆదివారం నోయిడాలో బ్లూ లైన్ మెట్రో ఎక్కి వెళ్లాను. తలుపు వెనక వైఫై పాస్‌వర్డ్ రాసిన కాగితం అంటించి ఉంది. అంచులు పసుపు పచ్చబడ్డాయి.

“ఎప్పటిదిరా ఇది?”

“మాకంటే ముందున్నవాళ్లది బాబాయ్. రౌటర్ కూడా వాళ్లదే. కనెక్షన్ మాత్రం నా పేరుకి మార్పించుకున్నాం.”

ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ గదుల్లో ఇంతకుముందు ఎందరుండి వెళ్లారో వీళ్లకు తెలియదు. వాళ్లందరి ఫోన్లలో ఈ ఇంటి తాళంచెవి ఉంది. వైఫై గోడ దగ్గర ఆగదు, కింద వీధిలో నిలబడినా అందుతుంది.

అక్కడికి గఫార్ మార్కెట్ దగ్గరే. 2008 సెప్టెంబర్ 13 సాయంత్రం ఢిల్లీలో బాంబులు పేలిన చోట్లలో అదొకటి. ఆ రోజు వచ్చిన బెదిరింపు మెయిల్ ఆరా తీస్తే ముంబయి చెంబూరులో ఒక సంస్థ వైఫై దగ్గర తేలింది. అంతకు ముందు జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల మెయిల్ నవీ ముంబయిలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి కనెక్షన్ నుంచి వెళ్లింది. ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు. పోలీసులు ముందు తట్టింది ఆయన తలుపే. కంప్యూటర్లు పట్టుకెళ్లారు, రోజుల తరబడి ప్రశ్నించారు. ఎందుకంటే ఇంట్లో ఎన్ని కంప్యూటర్లున్నా రౌటర్ వాటన్నిటినీ ఒకే చిరునామా మీద బయటికి పంపుతుంది. బయటివాళ్లకు కనిపించేది ఒక్క డోర్ నంబరే. ఆ నంబరు ఎవరి పేరున ఉంటే జవాబుదారీ ఆయనే. ఇక్కడ అది మావాడు.

ఆవకాయ సీసా బల్లమీద పెట్టి పనిలో దిగాను.

రౌటర్‌కి రెండు తాళాలుంటాయి. వైఫై పాస్‌వర్డ్ ఒకటి, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లేది మరొకటి. రెండోది చాలా ఇళ్లలో కంపెనీ పెట్టినట్టే ఉండిపోతుంది, ఇక్కడా అంతే. ముందు దాన్ని మార్చాను. ఆ తర్వాత వైఫై రక్షణను డబ్ల్యూపీఏ2 పద్ధతికి మార్చాను. పాత డబ్ల్యూఈపీ తాళం లోపం 2001లోనే బయటపడింది, ఇంకా ఎక్కడైనా ఉంటే ఈ రోజే తీసేయాలి. మీట నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌నీ ఆపేశాను. దాని 8 అంకెల పిన్‌ను మహా అయితే 11,000 ప్రయత్నాల్లో కనుక్కోవచ్చని 2011లోనే తేలింది.

పాస్‌వర్డ్‌కి 8 అక్షరాలు తక్కువలో తక్కువ, 63 దాకా పెట్టుకోవచ్చు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి కొట్టమన్నాను. పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు వద్దన్నాను.

అయిదుగురి లాప్‌టాప్‌లూ తెరిచి చూస్తే రెండింట్లో ఫోల్డర్లు మిగతావాళ్లందరికీ కనిపిస్తున్నాయి. ఒకడి ఆధార్ కాపీ, మార్కుల జాబితాలు కూడా. నెట్ పంచుకుంటున్నారు సరే, పెట్టెలు కూడా తెరిచి పెట్టుకోనక్కర్లేదు కదా. ఫోల్డర్లు ఇతరులకు కనపడకుండా విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అని మార్చాం.

నాకు ఎక్కువ ఇష్టమైన పని చివర చేశాను. మన ఊళ్లలో ఇంటి ముందు అరుగుండేది. బాటసారి కూర్చునేవాడు, మంచినీళ్లు తాగేవాడు, వంటింట్లోకి మాత్రం వచ్చేవాడు కాదు. అతన్ని అవమానించినట్టు ఎవరూ అనుకోలేదు. రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్ ఆ అరుగే. వచ్చిన స్నేహితుడికి నెట్ దొరుకుతుంది, లోపలి కంప్యూటర్లు కనపడవు. అడిగిన మనిషికి లేదనడం మనకు చేతకాదు, అందుకే ఇది మనవాళ్లకు బాగా పనికొస్తుంది.

గంటన్నర పట్టింది. పాత కాగితం చించేశాక మావాడు, “ఎవరైనా ఖాళీ చేసి వెళ్తే మళ్లీ మార్చాలా బాబాయ్?” అనడిగాడు. మార్చాలి, అదే రోజు.

మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే, ఈ ఆదివారం ఒక గంట దానికి ఇవ్వండి.