రిలీజ్ నోట్స్ రాసే చేయి

కొత్త వెర్షన్ వచ్చిందంటే అందరూ దాని హంగుల గురించే మాట్లాడుకుంటారు. డెవలపర్‌కి కావలసిన కబురు వేరు: నిన్నటిదాకా నడిచిన నా కోడ్‌లో రేపు ఏది ఆగిపోతుంది? ఆ కబురు మోసుకొచ్చేవి రిలీజ్ నోట్స్. పైథాన్‌నే తీసుకోండి. డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజింగ్ మాడ్యూల్‌కి కాలం చెల్లిందనీ, 3.12లో అది ఉండదనీ 2021లో 3.10 నోట్స్‌లోనే రాశారు. 2023 అక్టోబరులో అన్నంత పనీ చేశారు. ఇంకా అవసరమున్నవాళ్లు సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీ పెట్టుకోవచ్చని దారి కూడా చూపించారు. ఏది పోతుంది, ఎప్పుడు పోతుంది, దాని చోట ఏం వాడాలి: రెండు మూడు వాక్యాల్లో ఇంత చెప్పడం చిన్న పనితనం కాదు.

వెర్షన్ నంబరు చూస్తే తెలియదా అంటారు. పాత కోడ్ చెడే మార్పు వస్తే మొదటి అంకె పెరగాలన్న పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ పైథాన్ దానికి కట్టుబడలేదు. డిస్ట్‌యుటిల్స్ పోయినప్పుడు మారింది రెండో అంకె మాత్రమే. గిట్‌లోని కమిట్ల చిట్టా తీసి అతికిస్తే సరిపోదా అన్నది ఇంకో వాదన. ఆ చిట్టా వంటవాడి పద్దు. తినేవాడు అడిగేది ఇందులో వేరుశెనగ ఉందా అని. ఇక ఈ నోట్స్ అన్నీ ఎవరు చదువుతారంటారా? తీరిగ్గా కూర్చుని ఎవరూ చదవరు, ఒప్పుకోవాల్సిందే. అప్‌గ్రేడ్ చేశాక ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని తెర మీద ఎర్రగా పడ్డ రాత్రి మాత్రం, రెండేళ్ల కిందట ఎవరో ఓపిగ్గా రాసిపెట్టిన ఆ వాక్యం కోసమే వెతుక్కుంటారు.