తినేయ్‌లో వేయడం ఎక్కడుంది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ మధ్యాహ్నం మా పై అధికారి ఫోన్ చేసి, 'మీటింగ్ హాజ్ బీన్ పుట్ ఆఫ్' అన్నారు. లైటు ఆఫ్, ఫ్యాను ఆఫ్ తప్ప తెలియని నా చెవికి మీటింగ్ రద్దయిందనే వినబడింది. ఇంటికి వెళ్లిపోయాను. తీరా అది సాయంత్రానికి వాయిదా పడిందట. రద్దయితే 'కాల్ ఆఫ్' అంటారని ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రే ఇలాంటి జంట మాటల, అంటే ఫ్రేజల్ వెర్బుల జాబితా ముందేసుకుని బట్టీ మొదలుపెట్టాను. పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ అప్ విత్... వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగమయ్యాయి. పరాయి భాషల వారికి బాగా కష్టమయ్యేవి ఈ జంట మాటలేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన ఇంగ్లిషు నిఘంటువు ముందుమాటలో రాశాడు.

నాకు దారి చూపింది మన తెలుగే. ఓ రోజు పక్కింట్లో అన్నం దగ్గర మారాం చేస్తున్న పిల్లాడిని వాళ్లమ్మ 'తినేయ్ నాన్నా' అని బతిమాలుతోంది. తినేయ్ అంటే తినివేయి. అందులో వేయడం ఎక్కడుంది? మిగల్చకుండా పూర్తిచెయ్ అనడమే. ఇంగ్లిషు తల్లి 'ఈట్ అప్' అనేదీ అందుకే. 'డ్రింక్ అప్' తాగేయ్, 'యూజ్ అప్' వాడేయ్. ఇక్కడ 'అప్'కు పైకి అనే అర్థం లేదు. 'క్యారీ ఆన్', 'కీప్ ఆన్'లలోని 'ఆన్' ఆగకుండా సాగడాన్ని చెబుతుంది.

తోడు మాటనుబట్టి అర్థం పోల్చుకునే ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదు. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడమని సందర్భాన్నిబట్టి పట్టుకోవాల్సిందే. మనకు మాత్రం పట్టుబడటం, పట్టుబట్టడం, పట్టించుకోవడం వేర్వేరు కావూ? వాటిని మనకెవరూ జాబితా రాసిచ్చి నేర్పలేదు.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. 'పుట్ ఆఫ్'కు 'ఇట్' తోడైతే అది మధ్యలోకే రావాలి. 'పుట్ ఇట్ ఆఫ్' ఒప్పు, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. 'లుక్ ఆఫ్టర్' మాత్రం విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి. రెండోది, మాట ఎక్కడ నప్పుతుందో చూసుకోవడం. 'హ్యాంగ్ అవుట్', 'చిల్ అవుట్' స్నేహితుల మధ్య ముచ్చటగా ఉంటాయి, దరఖాస్తులో ఒదగవు.

ఇంగ్లిషు నేర్చుకుంటున్నవారికి నా మనవి ఒక్కటే. కొత్త జంట మాట వినబడితే దాని అర్థంతో సరిపెట్టుకోకండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడన్నారో వాక్యం మొత్తం రాసిపెట్టుకోండి.