కరువుకు సాక్ష్యం ఎవరిది? చిత్తూరు సీమ కథ, కథేతర రచన – తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

రాయలసీమ కథపై వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో ఒక పద్ధతి అలవాటుగా స్థిరపడింది. కరువు అధ్యాయం రాగానే పరిశోధకుడు కథలోని ఒక సన్నివేశాన్ని ఉదాహరించి, సీమలో జీవనం ఈ విధంగా ఉందని నిర్ధారిస్తాడు. తరువాతి పుటలోనే, సీమలో జీవనం ఈ విధంగా ఉంది గనుక కథ వాస్తవికమైనదని ప్రశంసిస్తాడు. కథ కరువుకు సాక్ష్యం, కరువు కథకు సాక్ష్యం. ఈ చక్రంలోకి గెజిటీరు, క్షామ నివేదిక, పత్రికా కథనం ప్రవేశించవు. ప్రవేశించినా అధ్యాయారంభంలో వర్షపాతపు అంకెలుగా మాత్రమే కనిపిస్తాయి. కాని కథ, కథేతర రచన కరువును గురించి ఒకే మాట చెప్పవు. అవి విభేదించే చోటనే విమర్శకు పని ఉంది.

ఈ పరిశీలనకు ఉమ్మడి చిత్తూరు జిల్లా తగిన క్షేత్రం. దాని సగటు వార్షిక వర్షపాతం 900 మిల్లీమీటర్లు దాటుతుంది. అనంతపురానిది సుమారు 550. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఇక్కడ వర్షిస్తాయి. అంకె మాత్రమే చూసినవారికి ఇది కరువు సీమగా తోచదు. అయితే సువర్ణముఖి, నీవా, బాహుదా, ఆరణి వంటివన్నీ వానలు పడినప్పుడు పారే ఏరులే. సేద్యం చెరువులను, కపిల బావులను, ఆ తరువాత బోర్లను నమ్ముకుంది. కనుక ఇక్కడి కరువును ఆకాశం వంక చూసి కొలిస్తే సగమే తెలుస్తుంది.

కథ లేని కరువు

1876–78 నాటి మహాక్షామాన్ని జనం తెలుగు సంవత్సరం పేరిట ధాత కరువు అన్నారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుండి కొన్ని తాలూకాలను విడదీసి దాన్ని ఏర్పరచారు. అందువల్ల ఈ ప్రాంతపు క్షామచరిత్ర రెండు జిల్లాల రికార్డుల్లో చెదిరి ఉంది. జిల్లా మాన్యువళ్లు, పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన రెండు సంపుటాల గ్రంథం, 1880 నాటి క్షామ కమిషన్ నివేదిక దీనికి ప్రధానాధారాలు. వాటిలో ప్రముఖంగా కనిపించే వివాదం ఒక కొలతను గురించినది. సహాయక పనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి నగదు చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పని చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వ్యతిరేకించాడు. వివాదమంతా కూలీ శరీరాన్ని గురించినదే. అందులో కూలీ మాట మాత్రం వినిపించదు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే తెలుగు నవల మొదలైంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ధారావాహికగా వెలువడసాగింది. ధవళేశ్వరంలోని ఒక కుటుంబం దాని వస్తువు. దక్షిణాన జరుగుతున్న క్షామం కాదు. దీన్ని రచయిత లోపంగా లెక్కించడం అన్యాయం. ధవళేశ్వరం 1852 నాటికే గోదావరి ఆనకట్ట పూర్తయిన ఊరు. నీళ్లున్న చోట నవల పుట్టింది, లేని చోట నివేదిక పుట్టింది. రాయలసీమ కథ 1940ల తరువాతనే నిలదొక్కుకుంది. ధాత కరువును గురించి నేడు తెలిసినదంతా దాదాపుగా అధికారుల, పత్రికా రచయితల, మిషనరీల రాతల నుండి వచ్చినదే.

మండలం, ఇల్లు

నేటి పాలనా పత్రాల్లో కరువుకు కొలమానం మండలం. కేంద్ర ప్రభుత్వం 2016లో సవరించిన కరువు నిర్వహణ మాన్యువల్ వర్షపాత లోటును, వానల మధ్య విరామాన్ని, విత్తిన విస్తీర్ణాన్ని, ఉపగ్రహ చిత్రాల్లోని పచ్చదనాన్ని, నేలలోని తేమను, జలాశయాల స్థితిని, భూగర్భ జలమట్టాన్ని సూచికలుగా నిర్దేశించింది. ఇవి తేలికగా తీసివేయదగినవి కావు. కాని వీటి కాలపరిధి ఒక పంటకాలం. మరుసటి ఏడు వాన కురిస్తే ప్రకటన రద్దవుతుంది, అప్పు రద్దు కాదు. నీరు పడని బోరుకు చేసిన ఖర్చు ఏ సూచికలోనూ లేదు. అది ఆ ఒక్క ఏటిది కాదు, వరుసగా గడిచిన కరువుల మొత్తం.

నామిని సుబ్రమణ్యం నాయుడు రచనల విలువ ఇక్కడ తెలుస్తుంది. చిన్న రైతు కష్టనష్టాలను చిత్రించిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరు ‘మునికన్నడి సేద్యం’. పేరులో సేద్యం ఉంది, కరువు లేదు. నివేదికకు కరువు ఒక సంఘటన, దానికి ఆది అంతాలుంటాయి. ఇక్కడి రైతుకు అది సేద్యంలో అంతర్భాగం. ఆయన పాత్రల సంభాషణల్లోనే గాక కథనంలోనూ తిరుపతి పరిసరాల మాండలికాన్ని వాడడాన్ని శైలీవిశేషంగా మాత్రమే చర్చించి వదిలేయడం మన విమర్శలో పరిపాటి. ఆ మాండలికం ఒక కాలమానం కూడా. పదును, అదును అనే మాటలకు రెవెన్యూ భాషలో సమానార్థకాలు లేవు. వాన మొత్తం సరిపోయినా అదును తప్పి కురిస్తే నివేదికకు అది మామూలు సంవత్సరం, చెనిక్కాయ విత్తిన ఇంటికి కరువు. వానల మధ్య విరామాన్ని లెక్కించడం ఈ దిశగా ఒక అడుగే. అయినా ఎవరి చేను ఏనాడు విత్తబడిందో ఆ లెక్క చెప్పలేదు.

నామిని మరొక పుస్తకం ‘పచ్చనాకు సాక్షిగా’. రచయిత బాల్యం నుండి ఉత్తమపురుషలో సాగే ఈ రచన కథల సంపుటిగా చదవబడుతోంది. శీర్షికలోని ‘సాక్షి’ అనే మాట దాన్ని వాంగ్మూలం వైపు లాగుతుంది. ఇది కథా, కథేతరమా అనే ప్రశ్నను గ్రంథాలయ వర్గీకరణకు వదలకుండా విమర్శ తీసుకోవాలి. కథగా చదివితే సన్నివేశపు కూర్పును పరీక్షించాలి. వాంగ్మూలంగా చదివితే చెప్పకుండా విడిచిన వాటిని ప్రశ్నించాలి. రెండింటి గౌరవాన్నీ ఇచ్చి ఏ పరీక్షా పెట్టకపోవడమే ఇప్పుడు జరుగుతున్నది.

సొమ్ము వెళ్లిన దారి

పి. సాయినాథ్ ‘ఎవ్రిబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’ (1996) అత్యంత పేద జిల్లాల నుండి రాసిన పత్రికా కథనాల సంపుటి. అందులోని రామనాథపురం, పుదుక్కోట మన పొరుగు రాష్ట్రమైన తమిళనాట ఉన్నవే. కరువు సహాయాన్ని ‘తీస్రీ ఫసల్’, అంటే మూడో పంట అని జనం వ్యంగ్యంగా పిలవడాన్ని ఆయన నమోదు చేశారు. ఆ పంట కోసుకునేది కాంట్రాక్టర్లు, మధ్యవర్తులు. సీమ కరువు కథ సాధారణంగా ఈ దారిన నడవదు. అది వడ్డీ వ్యాపారి గడప దాకా వెళ్లి ఆగుతుంది. చాలా కథల్లో అంత దూరం కూడా వెళ్లకుండా ఆకాశాన్నే ప్రతినాయకుణ్ణి చేస్తుంది. ఈ విషయంలో కథ వెనుకబడిందని ఒప్పుకోవాలి. మరోవైపు, రిపోర్టరుకు మాట్లాడే మనిషి కావాలి. సంతలో ఎద్దులను అమ్మి తిరిగి వచ్చినవాడు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడడు. ఆ రాత్రి కథకుడికే అందుతుంది. కథలతోపాటు ‘నాలుగ్గాళ్ల మండపం’ శీర్షికను కూడా రాసిన పులికంటి కృష్ణారెడ్డి వంటివారిని, ఒకే చేతి రెండు రచనలుగా పక్కపక్కన పెట్టి చదివితే ఈ భేదం ఇంకా స్పష్టమవుతుంది.

భూమి లేనివాడు

కథను కథేతరంతో పోల్చినప్పుడు బయటపడే పెద్ద ఖాళీ మరొకటి ఉంది. ధాత కరువు రికార్డుల్లో ఎక్కువగా నలిగినది వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు. వారు అక్కడ సంఖ్యలుగానే అయినా ఉన్నారు. సీమ కరువు కథలో కేంద్రస్థానం ఎక్కువగా చిన్న రైతుది. బావి లేనివాడికి బావి అప్పు ఉండదు. అందువల్ల ఆ కథలో అతనికి విషాదమూ తక్కువే దక్కింది. దళిత కథకులు ఈ కొరతను కొంత తీర్చారు గాని, కరువు కథల చర్చలో వారి రచనలను వేరే అధ్యాయానికి నెట్టడం ఇంకా పోలేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. తొలి విడత జిల్లాల్లో చిత్తూరు కూడా ఉంది. 1877 నాటి వివాదంలో కూలీకి పేరు లేదు. ఈ పథకపు మస్టరు రోలులో కూలీ పేరు, పనిచేసిన రోజులు, చెల్లించిన మొత్తం వరుసగా ఉంటాయి. అదే ఊరి నుండి వచ్చిన కథను ఆ మస్టరు పక్కన పెట్టి, మస్టరులో ఉండి కథలో లేని పేర్లు ఎవరివో పరిశోధకుడు మొదట రాసుకోవాలి.