పటాన్‌చెరు పొట్లం, పస్తాపూర్ గంప

హైదరాబాదు నుంచి ముంబై వెళ్లే రోడ్డు మీద, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోనే, విత్తనాన్ని దాచే చోట్లు రెండున్నాయి. ఒకటి పటాన్‌చెరులో 1972లో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారి విత్తన నిధి. రెండోది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల అవతల, జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఊరి విత్తన బ్యాంకులు. జీవవైవిధ్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండూ ఒకదానికొకటి తోడు అని తేల్చేసి ముందుకు వెళ్లిపోతారు. మర్యాదైన మాటే, కానీ దాంతో విమర్శ ఎగిరిపోతుంది. ఇంతకీ ఈ రెండు చోట్లా దాస్తున్నది ఒకే సరుకేనా?

అంకెల్లో చూస్తే పోటీయే లేదు. ఇక్రిశాట్ దగ్గర 144 దేశాల నుంచి వచ్చిన లక్షా 20 వేలకు పైగా నమూనాలున్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, వాటితోపాటు రాగి, కొర్ర, సామ, అరిక వంటి చిరుధాన్యాలు. గింజను మెల్లగా ఆరబెట్టి, గాలి చొరని పొట్లంలో మూసి, చాలాకాలం నిలవాల్సినవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో పెడతారు. ప్రతి నమూనాకూ ఒక నంబరు, ఎక్కడ దొరికిందన్న వివరం ఉంటాయి. చాలావాటికి నార్వేలోని స్వాల్‌బార్డ్ కొండ లోపల నకలు కూడా ఉంది. సంఘాలవి 75 ఊళ్లు, ఎనభై చిల్లర రకాలు. సరంజామా అంతా గంప, మట్టి పూత, బూడిద, వేపాకు. ఇలా పక్కపక్కన పెట్టగానే గంప ఓడిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని గెలిపించాలని కొందరు అమ్మమ్మల జ్ఞానం మీద రెండు పేరాల కవిత్వం అల్లుతారు. గంపకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కందినే తీసుకుందాం. దాని పూల మీద తేనెటీగలు వాలుతాయి, పక్కనున్న మరో రకంతో అది సులువుగా కలుస్తుంది. పటాన్‌చెరులో నిల్వ గింజ మొలకశక్తి తగ్గితే మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. అప్పుడు ఈగ వాలకుండా వల కట్టి పెంచుతారు. ఎప్పుడో సేకరించిన రకం ఈనాటికీ ఆ రకంగానే ఉండాలి మరి. జహీరాబాద్ ఎర్ర చెలకలో వల ఉండదు. జొన్న, కంది, అనుము, బెబ్బర, పుండి ఒకే ఎకరంలో కలిసి పెరుగుతాయి, ఈగ దాని పని అది చేసుకుపోతుంది. కోత వేళకు ఆడవాళ్లు చేనంతా తిరిగి మంచి చెట్టు, నిండు కాయ చూసి విత్తనానికి ఏరుతారు. వాన ఎగ్గొట్టిన ఏడు, తట్టుకుని నిలిచిన చెట్టుదే విత్తనం. పటాన్‌చెరులో రకం చెక్కుచెదరకపోతే పని బాగా జరిగినట్టు. చెలకలో రకం ఏటా కాస్త కాస్త మారుతూనే చూడగానే గుర్తుపట్టేలా ఉంటే పని బాగా జరిగినట్టు. కాబట్టి శుద్ధత తక్కువని ఊరి విత్తనాన్ని చిన్నచూపు చూడటం తప్పు. ఊరి పేర్లన్నీ వేర్వేరు రకాలేనని నమ్మేయడమూ తప్పే. ఒకే జొన్నకు రెండూళ్లలో రెండు పేర్లుంటాయి, ఒకే పేరు కింద రెండు జొన్నలు నడుస్తుంటాయి. అందుకే ఎనభై అన్న అంకెను నేను కొంచెం అనుమానంతోనే చదువుతాను.

ఊరు చేయలేని పనులూ ఉన్నాయి. మారుతి అనే కందికి ఇక్రిశాట్ నిధిలో అసలు నంబరు ఐసీపీ 8863. ఎండు తెగులు శిలీంధ్రాన్ని కావాలనే నింపిన మడుల్లో రకం వెంట రకం నాటి, ఏది చావకుండా మిగిలిందో చూసి ఏరే సదుపాయం ఏ సంఘానికుంది? 1986లో విడుదలైన ఆ రకం జహీరాబాద్‌కు పొరుగునున్న కలబురగి వైపు ఏళ్ల తరబడి సాగయింది. చలిగది వల్ల రైతుకేం లాభం అనేవాళ్లు ఈ కందిని మరిచిపోతారు.

పొట్లంలోకి ఎక్కని తిండి ఇంకొకటుంది. దొగ్గలికూర, తుమ్మికూర లాంటివి ఎవరూ విత్తరు. కలుపుమందు పడని చేలో వాటంతటవే మొలుస్తాయి, కూలికి వెళ్లిన ఆడవాళ్లు కొంగులో కోసుకొస్తారు. ఇక్రిశాట్ జాబితాలో ఇవి లేకపోవడం ఆ సంస్థ లోపం కాదు, దానికి అప్పగించిన పంటలు వేరు. లోపమల్లా పంట నమూనాలు లెక్కపెట్టి అదే జీవవైవిధ్యం అనుకునే మనది.

దాచడం కన్నా, దాచింది బయటికి ఎలా వస్తుందన్నదే నాకు పెద్ద ప్రశ్న. విత్తన నిధి నుంచి పరిశోధకుడు ఒప్పందం మీద సంతకం పెట్టి చిన్న పొట్లం తెచ్చుకుంటాడు. సంఘంలో అయితే విత్తనం లేని మనిషి తొలకరికి అడిగి తీసుకుంటుంది, పంట రాగానే ఒకటిన్నర రెట్లో రెట్టింపో తిరిగి కొలుస్తుంది. సంక్రాంతి నాటికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర కదులుతుంది, ఒక ఊరి గింజ ఇంకో ఊరు చూస్తుంది. పటాన్‌చెరు పొట్లం ప్రపంచానికంతా అందుతుంది, పక్క ఊరి చిన్న రైతుకు మాత్రం అరుదుగా అందుతుంది. గంపది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ.

ఇక ఆపద సంగతి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి తన నిధి చేజారిపోతే, ఇక్రిశాట్ లాంటిదే అయిన ఇకార్డా అనే పరిశోధన సంస్థ 2015లో స్వాల్‌బార్డ్ నుంచి నకళ్లు తెప్పించుకుని లెబనాన్‌లో, మొరాకోలో మళ్లీ పండించింది. చలిగదికి యుద్ధాన్ని కూడా తట్టుకునే ఏర్పాటుంది. జొన్నచేనుకు రేషన్‌లో ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యమే పెద్ద దెబ్బ. ఆ పథకమూ ఈ సొసైటీ మొదలైన 1983లోనే వచ్చింది. జొన్నరొట్టె పళ్లెంలోంచి తప్పుకున్నకొద్దీ విత్తనం ఇంట్లోంచి తప్పుకుంది. సంఘాలు తొంభైల్లో బీడు భూములు దున్ని, ఊళ్లోనే జొన్న పండించి, కొని, ఊళ్లోనే పేదలకు పంచే సొంత రేషన్ నడిపాయంటే కారణమిదే. విత్తనం నిలవాలంటే ముందు దాన్ని తినేవాళ్లుండాలని సంఘాలు పట్టుకున్నాయి. నా దృష్టిలో వాటి అసలు పనితనం గంపలో కన్నా ఈ రేషన్‌లోనే కనిపిస్తుంది.

ఇప్పటి దెబ్బ నేరుగా నేల మీదే పడుతోంది. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా పారిశ్రామిక మండలికి తీసుకునే ప్రణాళిక ఏళ్లుగా నడుస్తోంది. సంఘాల ఊళ్లు చాలా వరకు ఈ చుట్టుపక్కలవే. విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కును పంట రకాల రక్షణ, రైతు హక్కుల 2001 చట్టం రైతుకు రాసిచ్చింది. విత్తే చేను గురించి అందులో ఏమీ లేదు. 2002 జీవవైవిధ్య చట్టంలో 37వ సెక్షన్ ఉంది. దాని కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. పటాన్‌చెరు పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ ప్రకటన వచ్చింది. ఝరాసంగం చెలకలకు కూడా అదే సెక్షన్ వాడటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఆ ఊళ్ల సమ్మతితో ఒక జీవో చాలు.