హీరో గతం ఎవరి సొత్తు?

‘ఇంద్ర’ సినిమాలో కాశీలో టాక్సీ నడుపుకునే శంకర్‌నారాయణ అసలు రాయలసీమ ఇంద్రసేనారెడ్డి అన్నది చిరంజీవి తేల్చిన విషయం కాదు. కథ రాసినవాళ్లు తేల్చారు, దర్శకుడు తీశాడు, ఆయన నటించాడు. మన ఫ్లాష్‌బ్యాక్‌లన్నీ అలా తయారయ్యేవే. అలాకాక హీరోయే తన ఫ్లాష్‌బ్యాక్ రెండు పేజీలు రాసుకొచ్చి, షూటింగు మొదటిరోజు దర్శకుడి చేతిలో పెట్టి, “ఇదీ నా గతం, ఇక మీరు కానివ్వండి” అంటే? ఆ హీరోలు ఒకరు కాక అయిదుగురైతే? టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో గేమ్ మాస్టర్ పడే అవస్థ సరిగ్గా అదే.

‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవాళ్లకు ఈ ఆట పరిచయమే. పిల్లలు బల్ల చుట్టూ చేరి, పాచికలు దొర్లిస్తూ, కేకలేస్తూ ఆడేది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. వాళ్లలో ఒకడు డంజన్ మాస్టర్, వాడుకలో డీఎం. ఊళ్లు, రాజులు, రాక్షసులు, వానా ఎండా అన్నీ అతని చేతిలో ఉంటాయి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఆ పాత్ర ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ఆటగాడి ఇష్టం. చేసినదానికి ఫలితమేమిటో డీఎం, పాచికలు కలిసి చెబుతారు. ఇంతవరకు హద్దురాళ్లు పాతే ఉన్నాయి. తగాదా అంతా పాత్ర పుట్టిన రోజు నుంచి ఆట మొదలయ్యే రోజు దాకా గడిచిన కాలం మీదే. పాత్ర గతం కాబట్టి అది ఆటగాడిది. కానీ జరిగింది డీఎం లోకంలో. “మా నాన్న ఈ రాజ్యానికి సేనాపతి” అని ఆటగాడు ఒక్క ముక్క రాశాడంటే, తనకు తండ్రిని రాసుకోవడంతో ఆగలేదు, డీఎంని అడగకుండా అతని రాజ్యంలో ఒక ఉద్యోగం భర్తీ చేసేశాడు.

మొదట్లో ఈ పేచీ లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రాసిన ఆట మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో, తొలి విడతగా వెయ్యి ప్రతులు వచ్చింది. అందులో పాత్ర అంటే ఆరు అంకెలు. మూడు పాచికలు ఆరుసార్లు వేసి బలం, తెలివి, వివేకం వగైరా రాసుకుని గుహలోకి దిగడమే. గైగాక్స్ కొడుకు ల్యూక్ ఆడిన ఒక పాత్ర పేరు మెల్ఫ్. మగవాడని సూచించే ‘ఎమ్’, పక్కనే జాతి ‘ఎల్ఫ్’, రెండూ కలిపి చదివితే వచ్చిన పేరది. ఇంటిపేరు లేదు, పగ లేదు, కాలిపోయిన ఊరు లేదు. అయినా మెల్ఫ్ పేరు పెట్టిన ఆమ్లబాణం మంత్రం ఇవాళ్టి నియమ పుస్తకంలో కూడా ఉంది. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో పాత్ర గతానికి దక్కింది ఒక చిన్న పట్టిక. పాచిక వేస్తే పూర్వం కమ్మరి పని తెలుసో, వ్యవసాయం తెలుసో చెబుతుంది. అంతటితో సరి.

ఆ పాతకాలపు పద్ధతిని వెక్కిరించేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటి మొదటి స్థాయి మాంత్రికుడి ప్రాణం నాలుగు ముఖాల పాచిక మీద ఎంత పడితే అంత. ఒక బాణం తగిలితే అయిపోతాడు. అలాంటివాడికి ఎనిమిది పేజీల వంశచరిత్ర దేనికి? బతికి బట్టకడితే చేసిన పనులే చరిత్ర అవుతాయి. 2012లో వచ్చిన ‘డంజన్ క్రాల్ క్లాసిక్స్’ ఈ వాదాన్నే పద్ధతిగా మార్చింది. ఒక్కో ఆటగాడికి ముగ్గురు నలుగురేసి రైతుల్నీ కూలీల్నీ ఇచ్చి చీకటి కొట్టులోకి తోలుతుంది. ఎవడు బయటికొస్తే వాడే మీ హీరో. అతని పూర్వకథ రాసే పనే లేదు, బల్ల దగ్గర కూర్చున్న అందరూ కళ్లారా చూశారు. నాకు ఇందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది.

గతాన్ని పూర్తిగా పాచికల చేతికిచ్చిన ఆట మార్క్ మిల్లర్ తెచ్చిన ‘ట్రావెలర్’. 1977 నాటిది, అంతరిక్షంలో తిరిగేవాళ్ల కథ. పాత్ర వయసు 18 దగ్గర మొదలవుతుంది. నేవీలోనా, ఆర్మీలోనా, స్కౌట్ సర్వీసులోనా అని ఆటగాడు కోరుకుంటాడు. తీసుకుంటారో లేదో పాచికలు చెబుతాయి. ఒక్కో విడత ఉద్యోగం నాలుగేళ్లు. ప్రతి విడతలోనూ ముందు తేలాల్సింది బతికాడా లేదా అన్నదే. స్కౌట్ అయితే రెండు పాచికల మీద ఏడు గానీ అంతకు మించి గానీ పడాలి. ఒంట్లో గట్టిదనం బాగా ఉన్నవాడికి ఇంకో రెండు కలుపుతారు. ఆ గట్టిదనం లేనివాడు 36 సార్లలో 15 సార్లు పోతాడు. పోతే కాగితం చింపి కొత్త పాత్ర మొదలుపెట్టాలి. బతికితే ఒకటో రెండో విద్యలు వస్తాయి. మరో విడత ఉండాలా, బయటపడాలా? ఉంటే ఇంకా నేర్చుకోవచ్చు, అదృష్టం పండితే విరమణ నాటికి ఒక ఓడే చేతికొస్తుంది. 34 నిండాక మాత్రం వయసు ఒంటిని తినడం మొదలుపెడుతుంది. అసలు ఆట ఇంకా ఆరంభమే కాలేదన్నది మరిచిపోకండి! అయినా ఆటగాడి ఊపిరి బిగుసుకుపోతుంది. చివరికి కాగితం మీద మిగిలేది “రెండు విడతలు చేశాడు, మూడోదానికి తీసుకోలేదు” అన్న పొడి ముక్క. ఎందుకు తీసుకోలేదు? అక్కడ ఆటగాడి ఊహ మొదలవుతుంది. డీఎం పెత్తనం లేదు, ఆటగాడి గొప్పలు లేవు. ఈ పద్ధతి అందం అక్కడే ఉంది.

తర్వాతి దశాబ్దాల్లో కలం మెల్లగా ఆటగాడి చేతికొచ్చింది. వచ్చీ రాగానే బల్ల చుట్టూ అనాథలు పెరిగిపోయారు. ఊరు తగలబడింది, అమ్మానాన్న పోయారు, పెంచిన గురువును ఎవరో చంపేశారు, నేను ఒంటరిని. ఆటగాళ్లకు ఊహ కరువైందని దీనిమీద చాలామంది జోకులేస్తారు. నన్నడిగితే కరువైంది ఊహ కాదు, నమ్మకం. చెల్లెల్ని రాసుకుంటే నాలుగో వారానికల్లా విలన్ ఎత్తుకుపోతాడు. పెళ్లాం ఉందంటే ఆమె చావు ఖాయం. పాతమిత్రుణ్ని రాస్తే వెన్నుపోటు పొడుస్తాడు. ఇలా రెండు ఆటల్లో దెబ్బతిన్నవాడు మూడో ఆటలో ఎవర్నీ రాయడు. బంధువంటే డీఎం చేతికి తాకట్టు పెట్టిన వస్తువని అతనికి తెలిసిపోయింది.

ఈ తాకట్టును బహిరంగ బేరంగా మార్చిన తొలి ఆటల్లో ఒకటి 1981 నాటి ‘ఛాంపియన్స్’. సూపర్‌హీరోల ఆట. కాపాడుకోవాల్సిన మనిషి ఒకరున్నారని, వెంటపడే శత్రువున్నాడని రాసుకుంటే ఆటగాడికి పాయింట్లు దక్కుతాయి. వాటితో శక్తులు కొనుక్కోవచ్చు. ఆ మనిషి తరచూ చిక్కుల్లో పడతాడని ఇద్దరికీ ముందే తెలుసు. తీసుకున్న డబ్బుకు వడ్డీ కట్టడమే కాబట్టి ఏడవడానికి లేదు. కాకపోతే ఇందులోనూ ఒక తిరకాసుంది. పాయింట్ల కోసం ముసలమ్మనూ మేనల్లుణ్నీ పోగేసి, ఆట మొదలయ్యాక వాళ్ల పేర్లే మరిచిపోయే ఘనులు తయారయ్యారు.

‘ఫేట్’ ఆట (దాని ‘కోర్’ పుస్తకం 2013లో వచ్చింది) ఇంకో అడుగు ముందుకేసింది. “మా వంశం పరువు నా మెడ మీద కత్తి” లాంటి మాటొకటి పాత్ర కాగితం మీద ఆటగాడే రాసుకుంటాడు. ఆ మాటను పట్టుకుని చిక్కు తేవాలంటే డీఎం ఒక ఫేట్ పాయింట్ ముందుకు జరపాలి. ఆటగాడు పుచ్చుకుని చిక్కులో పడొచ్చు, లేదా తన దగ్గరున్న పాయింట్ ఒకటి కట్టి వద్దనొచ్చు. అంటే ఆటగాడి గతాన్ని వాడుకోవాలంటే డీఎం కూడా ధర చెల్లించాలి. ఇంకో తమాషా, పూర్వకథ రాసుకున్న కార్డును పక్కవాడికివ్వాలి. ఆ సాహసంలో తన పాత్ర ఏం చేసిందో పక్కవాడు ఒకటి రెండు వాక్యాలు చేరుస్తాడు. దానితో “నేను ఒంటరిని” అనే దారి మూసుకుపోతుంది. 2017 నాటి ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’ దొంగల ముఠా ఆట. అందులో దోపిడీ మధ్యలో ఇరుక్కున్న ఆటగాడు “నిన్న రాత్రే ఈ కాపలావాడి చేతిలో డబ్బు పెట్టాను” అని అప్పటికప్పుడు ఫ్లాష్‌బ్యాక్ వేసుకోవచ్చు. మరీ మామూలు సంగతైతే ఉచితం, తెలివైన ఎత్తయితే పాత్ర మీద ఒత్తిడి లెక్క పెరుగుతుంది.

నియమాలు ఎన్నున్నా అసలు పని నైపుణ్యానిది. ఒక ఆటగాత్తె ఇలా రాసుకొచ్చిందనుకోండి: “కమ్మరి కూతుర్ని. అన్న యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. అతని కత్తి నా దగ్గరుంది.” మూడు వాక్యాలు, బ్రహ్మాండంగా ఉన్నాయి. డీఎం ఆరో వారంలో ఆ అన్నను శత్రుసేన నాయకుడిగా ఎదురుగా నిలబెడితే బల్ల దగ్గర గాలి ఆగిపోతుంది. ఆమె రాసిన ఏ వాక్యమూ చెరగలేదు. తిరిగి రాలేదంది, నిజమే, రాలేదు. అదే డీఎం “నువ్వు కమ్మరి కూతురివే కావు, రాక్షస రాజు బిడ్డవి” అన్నాడనుకోండి. ఆయనకది పెద్ద మలుపులా తోస్తుంది. ఆమెకు మాత్రం తన పాత్ర చేజారిపోతుంది. మొదటిది ఆమె ముందుకు ఏం వస్తుందో మార్చింది, రెండోది ఆమె ఎవరో మార్చేసింది. అడగకుండా చేసిన ఆ రెండో పనిని నేను దొంగతనం అనే అంటాను. అడిగి చేస్తే అదే మలుపు అద్భుతంగా పండవచ్చు.

పాత్రకు తెలిసినదంతా ఆటగాడిది. పాత్రకు తెలియనిది డీఎంది. పాత్ర నమ్మినది ఇద్దరి ఉమ్మడి ఆస్తి. ఈ ఉమ్మడి ఆస్తిలో పండిన పంటకు ‘క్రిటికల్ రోల్’ మంచి ఉదాహరణ. డబ్బింగ్ కళాకారులు కొందరు 2015 నుంచి తమ ఆటను కెమెరా ముందు ఆడుతున్నారు. ఇక్కడ చెప్పే ఆటకు డీఎం మాథ్యూ మెర్సర్. టాలిసిన్ జాఫీ ఆడిన పెర్సీ ఒక జమీందారీ కుటుంబపు కొడుకు. బ్రయర్‌వుడ్ దంపతులు అతిథులుగా వచ్చి కుటుంబాన్ని ఊచకోత కోసి వైట్‌స్టోన్ నగరాన్ని ఆక్రమించారు, పెర్సీ పారిపోయాడు. అతని తుపాకీ గొట్టాల మీద తాను చంపాల్సినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ పేర్లు డీఎంకి ఆటగాడు ఇచ్చిన ఆర్డరు లాంటివి: వీళ్లను నా ముందుకు తీసుకురా అని. ఆ కథ వారాల తరబడి సాగింది. చచ్చిపోయిందని పెర్సీ నమ్మిన చెల్లెలు కసాండ్రా బతికే ఉందని మధ్యలో బయటపడుతుంది. అమెజాన్ ప్రైమ్‌లో 2022లో వచ్చిన యానిమేషన్ సిరీస్ ‘ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా’ తొలి సీజన్‌కు ఈ కథే వెన్నెముక.

దీని వల్ల కొంత చెడూ జరిగింది. అది చూసి ఆటలోకి వచ్చినవాళ్లు పెర్సీ అంతటి విషాదం తమకూ కావాలని పదేసి పేజీలు రాసుకొస్తున్నారు. జరగాల్సిందంతా గతంలోనే జరిగిపోతే ఆటలో జరగడానికి ఏం మిగులుతుంది? రాక్షసుణ్ని చంపానని రాసుకున్న మొదటి స్థాయి వీరుణ్ని మొదటి రాత్రే నాలుగు ఎలుకలు కొరికి చంపితే నవ్వులపాలే. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇక్కడ మంచి కొలత చూపించింది. సైనికుడు, నేరస్థుడు, పూజారి లాంటి నేపథ్యం ఒకటి ఎంచుకుని, రెండు గుణాలు, ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం రాసుకుంటే చాలు. తోచకపోతే పాచిక వేసుకోవడానికి పట్టికలున్నాయి. 2024 పుస్తకంలో ఆ నేపథ్యాల కింద బంధాల, లోపాల పట్టికలు లేవు. నా లెక్కలో అది నష్టమే. కొత్తవాడికి అంత తేలికైన మెట్టు ఇంకొకటి లేదు.

మరి డీఎం కాదనకూడదా? నిస్సందేహంగా కాదనొచ్చు, కాదనాలి. తన లోకంలో దేవుళ్లు లేరన్న చోట ఒకడు దేవుడి కొడుకునంటే, అందరూ పల్లెవాళ్లుగా మొదలుపెడదామన్న చోట ఒకడు చక్రవర్తి వారసుణ్నంటే, మిగతా నలుగురి ఆట చెడుతుంది. ఆ మాట చెప్పాల్సిన వేళ మాత్రం ఆటకు ముందే. ఆటగాళ్లు ‘సెషన్ జీరో’ అని పిలుచుకునే తొలి కూర్చోడం ఉన్నదే అందుకు. ఏ జాతులున్నాయి, ఏ రాజ్యాలు శత్రువులు, ఎలాంటి హింస ఈ బల్ల మీదికి రాకూడదు అన్నవన్నీ అక్కడే తెగాలి. అక్కడ ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు. కాదన్నప్పుడు బదులు ఏదో చూపించడం మర్యాద: “చక్రవర్తి వారసుడు కుదరదు, వారసుణ్నని ఊరంతా పుకారున్నవాడివి అవుతావా?” చాలామంది రెండోదే ఎగిరి పుచ్చుకుంటారు. అక్కడ ఒప్పుకున్న తర్వాత, పదో వారంలో కథకు అడ్డొస్తోందని కొట్టేసే హక్కు డీఎంకి లేదు. అప్పుడు మిగిలేది అడిగే హక్కు ఒక్కటే.

డీఎం కుర్చీలో కొత్తగా కూర్చోబోతున్నవాళ్లకు ఒక మాట. మీ ఆటగాళ్లను పేజీలు అడగకండి. బతికున్న మనుషులు ఇద్దర్ని, తీరని పని ఒకదాన్ని, తమకే జవాబు తెలియని ప్రశ్న ఒకదాన్ని రాసివ్వమనండి. ఆ ఇద్దరిలో ఒకర్ని ఆట అయ్యేదాకా ముట్టుకోనని ముందే మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకుంటే, వచ్చే ఆటలో మీ బల్ల చుట్టూ అనాథలు తగ్గుతారు.